రెండు ఎలక్ట్రోస్పిన్ ఫైబర్లు కలిసే చోట రియాక్షన్ చేయించడం మన కాలేజీ ల్యాబ్‌లో కుదిరే పనేనా?

ఎమ్మెస్సీ_సౌమ్య

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్, ప్రాజెక్ట్ గురించి అడగడానికి వచ్చా. మా డిపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రోస్పిన్నింగ్ సెటప్ ఉంది, అంటే హై వోల్టేజ్‌తో పాలిమర్ సొల్యూషన్‌ని సన్నటి దారాలుగా లాగేది, సిరంజి పంపు, 30 కిలోవోల్ట్ల సప్లై, ఫాయిల్ చుట్టిన ప్లేటు, అంతే. సీనియర్లు దాని మీద పీవీఏ, పీసీఎల్ లాంటి పాలిమర్ల మ్యాట్లు చేసి సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలు తీసి డయామీటర్లు కొలిచి రిపోర్ట్ పెట్టేసేవాళ్ళు. అది తప్పని కాదు గానీ నాకు కెమిస్ట్రీ ఉన్న పని చేయాలనుంది.

మా గైడ్ సార్ ఒక పేపర్ ఇచ్చి చదవమన్నారు, 2009లో నేచర్ కెమిస్ట్రీలో వచ్చింది, అమెరికాలో ఒహాయో రాష్ట్రం బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళది, పావెల్ అంజెన్‌బాకర్, మాన్యుయెల్ పలాసియోస్ రాశారు. ఒక నానోఫైబర్‌లో ఒక రియాక్టెంట్ కలిపి స్పిన్ చేస్తారు, ఇంకో ఫైబర్‌లో రెండోది, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడేలా చేసి ఆ కలిసిన చోట రెండూ అతుక్కునేలా చేస్తే లోపల ఉన్నవి కలిసిపోయి ఆ ముడి దగ్గర మాత్రమే రియాక్షన్ జరుగుద్దట. ఒక్కో ముడి అట్టోలీటర్ సైజు రియాక్టర్ అంటున్నారు.

చదివినప్పటి నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో. కానీ అర్థంకానివి చాలా ఉన్నాయి, పాలిమర్ అంటే గట్టి పదార్థం కదా దాంట్లో మాలిక్యూల్స్ ఎలా కదుల్తాయి, అంత చిన్న చోట రియాక్షన్ అయిందని ఎలా తెలుస్తుంది, మాకు కాన్‌ఫోకల్ లేదు మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ మాత్రం జువాలజీ వాళ్ళ దగ్గర ఉంది, మా సెటప్‌లో వచ్చే ఫైబర్లు కూడా చాలాసార్లు 1, 2 మైక్రాన్లు ఉంటాయి నానో కాదు. వీటితో కుదురుతుందా? ఇంకా ముఖ్యంగా దీని వల్ల ఉపయోగం ఏంటి అని వైవాలో అడిగితే ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

---

స్పెక్ట్రో_శీను

మంచి టాపిక్ పట్టుకున్నావ్ అమ్మా. ముందు లెక్కలు చూద్దాం, లెక్కలు చూస్తేనే దీని అసలు రుచి తెలుస్తుంది.

200 నానోమీటర్ల ఫైబర్లు రెండు అడ్డంగా కలిస్తే ఆ ముడి ఉజ్జాయింపుగా 200 × 200 × 200 నానోమీటర్ల డబ్బా అనుకో. అంటే 8 అట్టోలీటర్లు. అట్టో అంటే 10 పవర్ మైనస్ 18. దాంట్లో రియాక్టెంట్ 1 మిల్లీమోలార్ ఉంటే 8 జెప్టోమోల్స్ (జెప్టో అంటే 10 పవర్ మైనస్ 21) వస్తుంది, అవగాడ్రో నంబర్‌తో గుణిస్తే సుమారు 4,800 మాలిక్యూల్స్. అంతే! మనం ఫ్లాస్కులో ఒక మిల్లీమోల్ వేసినా 6 పక్కన 20 సున్నాలు పెట్టుకుని మాట్లాడతాం, ఇక్కడ మాలిక్యూల్స్‌ని వేలల్లో చెప్పుకుంటున్నాం.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, చాలామంది పట్టించుకోరు. సగటున 4,800 అంటే ప్రతి ముడిలో కచ్చితంగా 4,800 ఉండవు, స్క్వేర్ రూట్ లెక్కన 70 అటూఇటూ ఉంటాయి, అంటే 1.5 శాతం తేడా, పర్లేదు. అదే కాన్సంట్రేషన్ వంద రెట్లు తగ్గించి 10 మైక్రోమోలార్ చేశావనుకో, సగటు 48 మాలిక్యూల్స్, తేడా 7, అంటే 15 శాతం. పక్కపక్కన ఉన్న రెండు ముడులు ఒకే సొల్యూషన్ నుంచి వచ్చినా ఒకేలా ప్రవర్తించవు. ఫ్లాస్కులో ఈ మాట అనే అవకాశమే రాదు మనకి. ఫిజికల్ కెమిస్ట్రీలో ఫ్లక్చుయేషన్స్ అని చదివి పరీక్ష రాసి మర్చిపోయేది ఇక్కడ కళ్ళముందు కనపడే అవకాశం ఉంది, నాకైతే దీంట్లో అదే అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

నీ 2 మైక్రాన్ల ఫైబర్లకి అదే లెక్క వేస్తే వాల్యూమ్ వెయ్యి రెట్లు, 8 ఫెమ్టోలీటర్లు (ఫెమ్టో అంటే 10 పవర్ మైనస్ 15), 1 మిల్లీమోలార్‌కి 48 లక్షల మాలిక్యూల్స్. ఫ్లక్చుయేషన్స్ కనపడవు గానీ మామూలు మైక్రోస్కోప్‌లో హాయిగా కనపడుద్ది. కనపడే వెలుగుతో 200, 250 నానోమీటర్ల కన్నా చిన్నవి విడివిడిగా చూడలేం కాబట్టి నానోఫైబర్ ముడి ఒక చుక్కలాగే ఉంటుంది, చుక్క లోపల ఏం జరుగుతోందో తెలీదు. 2 మైక్రాన్ల ముడి అయితే రంగు ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో కూడా చూడొచ్చు. కాబట్టి నానో కాదని బాధపడకు, మొదలుపెట్టడానికి మైక్రోఫైబరే నీకు మంచిది.

---

గుంటూరు_ఆర్గానిక్

నేను సింథసిస్ వైపు మనిషిని కాబట్టి కొంచెం గట్టిగానే అడుగుతా, సౌమ్య గారు ఏమీ అనుకోవద్దు. దీన్ని రియాక్టర్ అనడం ఎందుకండీ? రియాక్టర్ అంటే ప్రోడక్ట్ బయటికి రావాలి, వర్కప్ చేయాలి, ఎన్ఎంఆర్ (మాలిక్యూల్ నిర్మాణం చెప్పే పరీక్ష) తీయాలి, యీల్డ్ చెప్పాలి. 4,800 మాలిక్యూల్స్‌కి ఏ ఎన్ఎంఆర్ తీస్తారు? వెలిగింది కాబట్టి రియాక్షన్ అయింది అంటే నేను ఒప్పుకోను, సైడ్ ప్రోడక్ట్ కూడా వెలగొచ్చు. పైగా పాలిమర్ లోపల జరిగే రియాక్షన్‌కీ సొల్యూషన్‌లో జరిగేదానికీ సాల్వెంట్ ఎఫెక్ట్ వేరు, జిగట వేరు, ఫ్లాస్కులో వచ్చిన రేటు ఇక్కడ రాదు, ఇక్కడ వచ్చింది ఫ్లాస్కులో రాదు. మరి దీంతో నేర్చుకునేది ఏంటి? ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నా.

---

ల్యాబ్‌లో_లక్ష్మి

మంచి ప్రశ్న అడిగారు గుంటూరు గారు, వైవాలో ఎక్స్‌టర్నల్ కూడా ఇదే అడుగుతారు కాబట్టి సౌమ్యా నువ్వు జాగ్రత్తగా చదువు.

ప్రోడక్ట్ తయారుచేయడం దీని పనే కాదు. ఒక ఊహ చెప్తా, ఒక దిక్కుగా వంద ఫైబర్లు పక్కపక్కన పరిచి, వాటి మీద అడ్డంగా ఇంకో వంద వేస్తే ఒక గాజు స్లయిడ్ మీద 10,000 ముడులు వస్తాయి. ఒక దిక్కున పది రకాల రియాక్టెంట్లు, రెండో దిక్కున పది రకాలు పెడితే వంద కాంబినేషన్లు, ఒక్కోటి వంద చోట్ల రిపీట్. ఏది ఏదాంతో కలిసిందో చోటుని బట్టే తెలిసిపోతుంది, లేబుల్స్ అక్కర్లేదు. వాడేది మైక్రోగ్రాముల్లో. ఖరీదైన లైగాండ్‌ని ఏ మెటల్ పట్టుకుంటుంది, ఏ అమీన్‌కి ఏ డై వెలుగుతుంది లాంటివి వెతకడానికి ఇది పనికొస్తుంది. జల్లెడ పట్టాక తేలిన ఒకటీ రెండిటినీ మీరన్నట్టు ఫ్లాస్కులో పెద్దగా చేసి ఎన్ఎంఆర్ తీసుకోవాలి, దాన్ని ఇది తప్పించదు. మీరు చెప్పిన సైడ్ ప్రోడక్ట్ అనుమానం కూడా న్యాయమైనదే, అందుకే ఏ రియాక్షన్ ఎంచుకోవాలి అన్నదాంట్లోనే సగం ప్రాజెక్ట్ ఉంది.

ఇక సౌమ్య అడిగిన మొదటి డౌట్, గట్టి పాలిమర్‌లో మాలిక్యూల్స్ ఎలా కదుల్తాయి అని. కదలవు, లేదా కదిలినా కదలనట్టే. అదే ఇక్కడ మనకి కావాల్సింది! గ్లాస్ ట్రాన్సిషన్ టెంపరేచర్ కింద పాలిమర్ గొలుసులు బిగుసుకుపోయి ఉంటాయి, చిన్న మాలిక్యూల్ డిఫ్యూజన్ చాలా చాలా నెమ్మది. దాన్ని దాటించావంటే గొలుసులు కదుల్తాయి, రెండు ఫైబర్ల గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి దూరి ముడి అతుక్కుంటుంది, లోపలి రియాక్టెంట్లు దాటుకుంటాయి. మళ్ళీ చల్లార్చితే ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అంటే రియాక్షన్ ఎప్పుడు మొదలవ్వాలి ఎప్పుడు ఆగాలి అన్నది నీ చేతిలో ఉంది. స్టర్రర్ లేదు, క్వెంచింగ్ లేదు.

టైమ్ ఎంత పడుతుంది అంటే దూరం స్క్వేర్‌ని రెండు రెట్ల డిఫ్యూజన్ కోఎఫిషియెంట్‌తో భాగించు. మెత్తబడిన పాలిమర్‌లో డి విలువ సెకనుకి 10 పవర్ మైనస్ 14 చదరపు మీటర్లు అనుకుందాం, పాలిమర్‌ని బట్టి, డై సైజుని బట్టి చాలా మారుద్ది, లెక్క కోసం చెప్తున్నా. 200 నానోమీటర్లు దాటడానికి 2 సెకన్లు. 2 మైక్రాన్లకి 200 సెకన్లు, మూడు నిమిషాల పైన. సైజు పదింతలయితే టైమ్ వందింతలు. బిగుసుకున్న పాలిమర్‌లో డి ఇంకో వెయ్యి రెట్లు తక్కువ అనుకుంటే 2 మైక్రాన్లకి రెండు రోజులు దాటుద్ది. ఇదే 2 మిల్లీమీటర్ల ముద్ద అయితే మెత్తబడ్డాక కూడా ఆరేళ్ళు పైనే కావాలి, కదిపేవాళ్ళు లేకపోతే. అందుకే పాలిమర్‌ని రియాక్షన్ మీడియంగా వాడాలంటే ఇంత సన్నగా వడకాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు. ముడికి నాలుగు చేతులు ఉంటాయి కదా, రెండు ఫైబర్లవి రెండేసి. ఆ చేతుల వైపు గోడ ఏమీ లేదు! మెత్తబెట్టిన కొద్దీ రియాక్టెంట్లు ఫైబర్ వెంబడి అటూ ఇటూ పాకుతాయి, కొత్తవి ముడిలోకి వస్తాయి, ప్రోడక్ట్ బయటికి జారుతుంది. రెండు నిమిషాలు ఉంచితే నీ రియాక్టర్ ఒక సైజు, అరగంట ఉంచితే ఇంకో సైజు. కాబట్టి 8 ఫెమ్టోలీటర్లు అని రిపోర్ట్‌లో రాసేముందు ఎంతసేపు మెత్తబెట్టావో కూడా రాయాలి, అది లేకుండా ఆ నంబర్‌కి అర్థం లేదు. నన్ను అడిగితే నీ ప్రాజెక్ట్ ప్రశ్న ఇదే అవ్వాలి, ఎంతసేపు మెత్తబెడితే వెలుగు ముడి నుంచి ఎంత దూరం పాకింది అని. మైక్రోఫైబర్‌లో, మామూలు మైక్రోస్కోప్‌తో, గ్రాఫ్ గీసి డి విలువ రాబట్టొచ్చు. ఎమ్మెస్సీకి నిండైన పని.

---

ఎమ్మెస్సీ_సౌమ్య

అక్కా థాంక్యూ సో మచ్, గోడ లేదు అన్న మాట నేను పేపర్ చదివినప్పుడు అసలు ఆలోచించలేదు. శీను గారూ మీ లెక్క నోట్స్‌లో రాసుకున్నా. ఇప్పుడు ఏ రియాక్షన్ తీసుకోవాలో చెప్పండి? మా స్టోర్‌లో ఫ్లోరెస్కమిన్ ఉంది, బయోకెమిస్ట్రీ వాళ్ళు ప్రోటీన్ ఎస్టిమేషన్‌కి తెప్పించుకున్నారు. పాలిమర్ పీఎంఎంఏ, పాలీస్టైరీన్, పీవీయేసీ ఉన్నాయి. సాల్వెంట్లు డీఎంఎఫ్, టీహెచ్ఎఫ్, అసిటోన్, క్లోరోఫాం.

---

ల్యాబ్‌లో_లక్ష్మి

ఫ్లోరెస్కమిన్ ఉందంటే సగం పని అయినట్టే. దానంతట అది వెలగదు, ప్రైమరీ అమీన్‌తో (NH2 గ్రూప్ ఉన్నదాంతో) కలిస్తేనే వెలుగుద్ది, 390 నానోమీటర్ల దగ్గర వెలుగు ఇస్తే 475 దగ్గర నీలిపచ్చగా. గుంటూరు గారి అభ్యంతరానికి ఇది కొంత సమాధానం, ఎందుకంటే మిగిలిపోయిన ఫ్లోరెస్కమిన్ వెలగదు, నీళ్ళతో పాడయినది కూడా వెలగదు, సెకండరీ అమీన్‌తో కలిసినా వెలగదు. వెలిగిందంటే ప్రైమరీ అమీన్ దొరికినట్టే, ఆ అమీన్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది కంట్రోల్స్ చెప్పాలి.

ఆ సెకండరీ అమీన్ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగు. పాత డీఎంఎఫ్‌లో డైమిథైల్అమీన్ ఉంటుంది, డీఎంఎఫ్ విడిపోతే వచ్చేది అదే. అది నీ ఫ్లోరెస్కమిన్‌ని చప్పుడు లేకుండా తినేస్తుంది, రంగు రాదు వెలుగు రాదు, నువ్వేమో డిఫ్యూజన్ జరగలేదు అనుకుని టెంపరేచర్ పెంచుకుంటూ పోతావు. అందుకని ఫ్లోరెస్కమిన్ ఫైబర్‌కి డీఎంఎఫ్ వద్దు. పీఎంఎంఏని క్లోరోఫాంలో చెయ్యి, ఫైబర్లు లావుగా వస్తాయి, నీకు కావాల్సింది అదే. సొల్యూషన్ కలిపిన రోజే వాడెయ్యి, తేమ తగలనివ్వకు.

రెండో ఫైబర్‌కి హెక్సాడెసైల్అమీన్ లాంటి పొడుగు తోక ఉన్న అమీన్ పెట్టు. చిన్న అమీన్లు ఆవిరై గాలిలో నుంచే అవతలి ఫైబర్‌కి వెళ్ళిపోతాయి, అప్పుడు ముడి దగ్గరే కాదు ఫైబర్ పొడవునా వెలుగుద్ది. ఈ ఫైబర్‌కి మాత్రం అసిటోన్ తగలనీయకు, ప్రైమరీ అమీన్ అసిటోన్‌తో కలిసి ఇమీన్ అవుతుంది, మన అమీన్ తగ్గిపోతుంది. డీఎంఎఫ్, టీహెచ్ఎఫ్ కలిపి వాడుకో. ఇక్కడ డీఎంఎఫ్ ఉన్నా ఫైబర్ పూర్తిగా ఆరాకే రెండోదాన్ని దాని మీదకి తేవాలి, రాత్రంతా వాక్యూమ్‌లో ఉంచితే మంచిది.

మెత్తబెట్టడానికి రెండు దారులు. వేడి ఒకటి, పీఎంఎంఏకి 105 డిగ్రీల చుట్టుపక్కల. కానీ అంత వేడికి హెక్సాడెసైల్అమీన్ కూడా కొంత ఆవిరవుతుంది, పైగా ఎక్కువసేపు ఉంచితే ఫైబరే తెగి పూసలు పూసలుగా అయిపోతుంది, సర్ఫేస్ టెన్షన్ ఊరుకోదు. రెండోది సాల్వెంట్ ఆవిరి. మూత ఉన్న పెట్రి డిష్‌లో అడుగున కొంచెం టీహెచ్ఎఫ్ పోసి స్లయిడ్‌ని దానికి తగలకుండా పైన పెడితే ఆవిరి పాలిమర్‌లోకి దూరి మామూలు టెంపరేచర్‌లోనే మెత్తబడుతుంది. నీకు ఇదే నా సలహా. సెకన్లతో మొదలుపెట్టు, ఎక్కువైతే ఫైబర్లు కరిగి పొరలాగా పరుచుకుంటాయి.

పీవీయేసీ మాత్రం వద్దు. దాని గ్లాస్ ట్రాన్సిషన్ 30 నుంచి 40 డిగ్రీల మధ్యే, మన ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబ్‌లో నువ్వు ఏమీ చేయకముందే రియాక్షన్ మొదలైపోతుంది.

---

ఫైబర్_బాబాయ్

కెమిస్ట్రీ మీరంతా చూసుకున్నారు గానీ నేను మిషన్ వైపు చెప్తా, ఈ టాపిక్ చూసి చాలా సంతోషమేసింది, మన పిల్లలు మ్యాట్లు దాటి ఆలోచిస్తున్నారు.

ముందు కలెక్టర్ సంగతి. ఫాయిల్ మీద పడే ఫైబర్లు చిందరవందరగా పడతాయి, ఏది ఏదో తేలదు. దానికి సులువైన ఏర్పాటు ఉంది, 2003లో డాన్ లి, యునాన్ షియా వాళ్ళు చూపించారు, ఒకే కలెక్టర్ బదులు రెండు లోహపు పట్టీలు పక్కపక్కన పెట్టి మధ్యలో ఖాళీ వదిలితే ఫైబర్లు ఆ ఖాళీకి అడ్డంగా ఈ పట్టీ నుంచి ఆ పట్టీకి వంతెనలాగా సమాంతరంగా పడతాయి. రెండు స్టీల్ స్కేళ్ళు తీసుకుని రెండు సెంటీమీటర్ల ఖాళీ వదిలి రెండిటినీ ఎర్త్‌కి కలుపు. కొద్ది సెకన్లే స్పిన్ చెయ్యి, ఎక్కువ పడితే వరస చెడుతుంది. కింది నుంచి గాజు స్లయిడ్‌తో ఎత్తుకో. అమీన్ ఫైబర్లు అలా ఎత్తుకుని ఆరబెట్టి, ఫ్లోరెస్కమిన్ ఫైబర్లు ఇంకోసారి స్కేళ్ళ మీద పట్టి, అదే స్లయిడ్‌ని 90 డిగ్రీలు తిప్పి వాటి కింద నుంచి ఎత్తు. అడ్డం నిలువు గళ్ళు వచ్చేస్తాయి. స్లయిడ్ మీద ఒక మూల మార్కర్‌తో గుర్తు పెట్టుకో, ఏ దిక్కు ఏదో తర్వాత కంగారు ఉండదు.

సెట్టింగులు పాలిమర్ మాలిక్యులర్ వెయిట్‌ని బట్టి మారతాయి గానీ 12 నుంచి 18 కిలోవోల్ట్లు, సూది నుంచి కలెక్టర్‌కి 12, 15 సెంటీమీటర్లు, గంటకి ఒక మిల్లీలీటర్, ఇక్కడ మొదలుపెట్టు. ఫైబర్ మీద పూసలు వస్తుంటే సొల్యూషన్ పల్చనైందని అర్థం, పాలిమర్ శాతం పెంచు. సూది మొన దగ్గర బొట్టు శంకువులాగా సాగి దాని కొస నుంచి ఒక్క దారం నిలకడగా వస్తుండాలి, దాన్నే టేలర్ కోన్ అంటారు, జెఫ్రీ టేలర్ 1964లో లెక్క కట్టి దాని సగం కోణం 49.3 డిగ్రీలు అని చెప్పాడు. నువ్వు డిగ్రీలు కొలవక్కర్లేదు, అది వణుకుతోందా నిలబడిందా చూసుకుంటే చాలు. క్లోరోఫాం, టీహెచ్ఎఫ్ తొందరగా ఆరి సూది మూతి మూసుకుపోతుంటుంది, పొడవాటి కర్ర చివర టిష్యూ కట్టి తుడవాలి, అదీ సప్లై ఆపి ఎర్త్ చేశాకే.

వానాకాలంలో చేస్తే తేమ చూసుకో. తేమ ఎక్కువున్న రోజు త్వరగా ఆరే సాల్వెంట్లతో స్పిన్ చేస్తే ఫైబర్ మీద గుంటలు గుంటలు పడతాయి, పైగా లక్ష్మి గారన్నట్టు ఫ్లోరెస్కమిన్ నీళ్ళతో పాడవుతుంది. హైగ్రోమీటర్ 50 శాతం దాటితే ఆ రోజు వేరే పని పెట్టుకో.

ఇక జాగ్రత్తలు, ఇవి తేలిగ్గా తీసుకోవద్దమ్మా. 15 కిలోవోల్ట్లు ఉన్న సూది దగ్గరకి చెయ్యి పోనివ్వొద్దు, స్విచ్ ఆపేశాక కూడా ఎర్త్ రాడ్‌తో తాకించాకే ముట్టుకో, సప్లైలో చార్జ్ మిగిలి ఉంటుంది. మొత్తం ఫ్యూమ్ హుడ్‌లోనే, డీఎంఎఫ్ కాలేయానికి మంచిది కాదు, చర్మం నుంచే లోపలికి పోతుంది. అందరూ వేసుకునే నీలం నైట్రైల్ గ్లోవ్స్ డీఎంఎఫ్‌ని ఎక్కువసేపు ఆపలేవు, బ్యూటైల్ రబ్బర్‌వి కావాలి, లేకపోతే తడి తగిలిన వెంటనే మార్చెయ్యాలి. టీహెచ్ఎఫ్ ఆవిరి మండుతుంది, స్పార్క్ వచ్చే చోట సీసా మూత తీసి పెట్టొద్దు.

ఇంకో మాట, ఎలక్ట్రోస్పిన్నింగ్ మీద ప్రపంచంలో పేరున్నవాళ్ళలో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో పనిచేసిన శీరం రామకృష్ణ గారు ఒకరు, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివిన మనిషి. ఆయన రివ్యూలు చదువు, సెట్టింగుల గురించి ఉన్న గందరగోళం చాలా తగ్గుద్ది.

---

స్పెక్ట్రో_శీను

మైక్రోస్కోప్ గురించి నేను పూర్తి చేస్తా. జువాలజీ వాళ్ళ దాంట్లో డాపీ ఫిల్టర్ ఉండే ఉంటుంది, న్యూక్లియస్ చూసేందుకు వాడేది, ఫ్లోరెస్కమిన్ ప్రోడక్ట్‌కి దాదాపు సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు.

కానీ ఒక మోసం ఉంది. రెండు ఫైబర్లు ఒకదాని మీద ఒకటి ఉన్న చోట మందం రెట్టింపు. పాలిమర్‌కి సొంతంగా ఉండే కొద్దిపాటి మెరుపు కూడా అక్కడ రెట్టింపు కనపడుద్ది, ఏ రియాక్షనూ లేకుండానే! ముడి వెలిగిందని సంబరపడేముందు రెండు చేతుల వెలుగు కూడితే ఎంతో చూసి, ముడిలో అంతకన్నా ఎంత ఎక్కువ ఉందో అది మాత్రమే రియాక్షన్ కింద లెక్కెయ్యి. కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ ఆపెయ్యి, అన్ని ఫొటోలకీ ఒకే ఎక్స్‌పోజర్, ఒకే గెయిన్. లేకపోతే ఫొటోలు పోల్చడానికే పనికిరావు.

కంట్రోల్స్ లేకుండా మాత్రం రిపోర్ట్ ఇవ్వొద్దు. ఫ్లోరెస్కమిన్ ఫైబర్ మీద ఉత్త పీఎంఎంఏ ఫైబర్ వేసి ఆవిరి పెట్టు, వెలగకూడదు. అమీన్ ఫైబర్ మీద ఉత్త ఫైబర్ కూడా అంతే. రెండూ ఉన్న గళ్ళు ఆవిరి పెట్టకుండా ఒక రోజు వదిలేసి చూడు, బిగుసుకున్న పాలిమర్‌లో నిజంగా ఆగాయో లేదో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, అమీన్ ఫైబరూ ఫ్లోరెస్కమిన్ ఫైబరూ ఒకే స్లయిడ్ మీద పక్కపక్కన తగలకుండా పెట్టి ఆవిరి పెట్టు. అది వెలిగితే నీ అమీన్ గాలిలో నుంచి దాటుతోందని, జంక్షన్ కథ మొత్తం అనుమానంలో పడినట్టే. గుంటూరు గారి లాంటి ఎక్స్‌టర్నల్ వస్తే ముందు అడిగేది ఈ నాలుగోదే.

---

గుంటూరు_ఆర్గానిక్

ఆ నాలుగో కంట్రోల్ నేను తప్పకుండా అడుగుతా :) మీ జవాబులు చదివాక నాకు చాలావరకు నచ్చింది, ముఖ్యంగా వంద బై వంద గళ్ళ సంగతి. మేం లైగాండ్ స్క్రీనింగ్ వయల్స్‌లో చేసి నెలలు తినేస్తుంటాం, పొడి చేతిలో 5 మిల్లీగ్రాములు మిగిలినప్పుడు ఆ బాధ తెలుస్తుంది. జిగట మాధ్యమంలో రేటు మారుతుంది అన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను, సౌమ్య గారూ మీరు రేటు కాన్‌స్టంట్ అని రాయకండి. ఇక్కడ మీరు చూసేది డిఫ్యూజన్ వేగమే, ఫ్లోరెస్కమిన్ అమీన్‌తో క్షణాల్లో కలిసిపోతుంది కాబట్టి కలుసుకోవడమే ఆలస్యం. దీన్ని ఆ మాటల్లోనే రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఒకవేళ గళ్ళు సరిగ్గా రాకపోతే చేతిలో రెండో దారి ఉంచుకోండి, పీఏఎన్ (పాలీఅక్రిలోనైట్రైల్) ఫైబర్‌లో వెండి నానోపార్టికల్స్. డీఎంఎఫ్ తనంతట తనే సిల్వర్ నైట్రేట్‌ని మెల్లగా రెడ్యూస్ చేస్తుంది, సొల్యూషన్ రంగు పసుపు, ముదురు గోధుమ వైపు వెళ్తుంది. ఆ మ్యాట్ ముక్క వేసి 4-నైట్రోఫినాల్, బోరోహైడ్రైడ్ రియాక్షన్ చేస్తే 400 నానోమీటర్ల దగ్గర పీక్ తగ్గి 300 దగ్గర కొత్తది లేస్తుంది, మామూలు యూవీ స్పెక్ట్రోమీటర్ చాలు. అది వేరే రకం రియాక్టర్, అక్కడ రియాక్షన్ ఫైబర్ పై పొర మీద జరుగుద్ది. సన్నగా వడికితే పై పొర ఎక్కువ, 200 నానోమీటర్ల ఫైబర్‌కి గ్రాముకి సుమారు 17 చదరపు మీటర్లు, 2 మైక్రాన్లకి 1.7 మాత్రమే. అక్కడ మాత్రం మీ లావు ఫైబర్లు మీకు అడ్డం.

---

ఎమ్మెస్సీ_సౌమ్య

అందరికీ చాలా చాలా థాంక్స్. గైడ్ సార్‌కి ఈ రోజే చూపించా. సార్ ఒప్పుకున్నారు, జంక్షన్ పనే మెయిన్‌గా పెట్టుకోమన్నారు, వెండి మ్యాట్ రెండోది. జువాలజీ మేడంతో మాట్లాడి మైక్రోస్కోప్ వారంలో రెండు పూటలు ఇప్పిస్తా అన్నారు. బ్యూటైల్ గ్లోవ్స్ ఇండెంట్‌లో రాయించా బాబాయ్ గారూ.

లాస్ట్ డౌట్ ఒకటే లక్ష్మి అక్కా, ఫ్లోరెస్కమిన్ ఎంత కలపాలి? ఎక్కువ వేస్తే బాగా వెలుగుద్ది కదా అనుకుంటున్నా.

---

ల్యాబ్‌లో_లక్ష్మి

ఎక్కువ వద్దు సౌమ్యా. పాలిమర్ బరువులో 1 శాతంతో మొదలుపెట్టు. పీఎంఎంఏ డెన్సిటీ 1.18, ఫ్లోరెస్కమిన్ మాలిక్యులర్ వెయిట్ 278, ఆ లెక్కన ఎండిన ఫైబర్‌లో సుమారు 42 మిల్లీమోలార్ వస్తుంది, 2 మైక్రాన్ల ముడిలో ఇరవై కోట్ల మాలిక్యూల్స్, మామూలు కెమెరాకి సరిపడా వెలుగు. ఎక్కువ వేస్తే ప్రోడక్ట్ మాలిక్యూల్స్ దగ్గర దగ్గరగా ఉండి వెలుగుని ఒకదానికొకటి చంపుకుంటాయి, అప్పుడు వెలుగు పెరగడం ఆగిపోయింది కాబట్టి రియాక్షన్ పూర్తయింది అని పొరపడే ప్రమాదం ఉంది. అమీన్‌ని మోల్స్‌లో దీనికి రెండింతలు పెట్టు, శాతంలో కాదు. 1 శాతం, అర శాతం, పావు శాతం మూడూ చేసి ముడి వెలుగు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతోందా చూడు, తగ్గితే నీ కొలత మీద నీకు నమ్మకం ఉంటుంది. సొల్యూషన్ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంచు, ఫొటోలు తీసేటప్పుడు షట్టర్ తెరిచి అలా వదిలెయ్యకు, డై వెలుగుకి మాడిపోతుంది. మొదటి గళ్ళు వచ్చాక ఇక్కడ ఫొటో పెట్టు, కంట్రోల్ ఫొటోలు కూడా పక్కనే పెట్టు.